గొట్టంలో వేలెడు నల్ల నీళ్లు

మేడమ్ పోయారన్న వార్త సోమవారం ఉదయం తెలిసింది. మాదాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ ముందు కూర్చుని ఉన్నాను. డిపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఆమె ఫోటోకు దండ వేసి పెట్టారు. ఎం.టెక్‌లో నా థీసిస్‌కు ఆమే గైడ్. గ్రూపు మూసి ఆమె చాట్ తెరిచాను. గురువారం సాయంత్రం ఆమె పంపిన మెసేజ్ ఒకటి అలాగే ఉంది. రోజూ వచ్చే ఫోటోయే కదా, తర్వాత చూద్దాంలే అని నేను తెరవని మెసేజ్.

ఆ ఫోటోల సంగతి చెప్పాలి. చెత్తగుట్టల కింద ఊరే నల్ల నీళ్లు భూమిలోకి దిగి బావుల్లో కలవకుండా అడుగున బంకమట్టి పొర పరుస్తారు. ఆ పొర ఎంతవరకు ఆపుతుందన్నదే నా థీసిస్. ల్యాబ్‌లో ఒక ఇనుప డబ్బాలో మట్టిని గట్టిగా దట్టించి, దానికి బిగించిన గాజు గొట్టంలో నల్ల నీళ్లు పోసి, రోజుకు ఎంత దిగిందో చూడాలి. మట్టి మంచిదైతే నీళ్లు చాలా నెమ్మదిగా దిగుతాయి, నెలల పని. గొట్టం ఒక్కసారి ఎండిందా, లోపలికి గాలి దూరి చేసిందంతా వృథా.

ఆ నీళ్ల కోసం మేడమ్ తన కారులోనే నన్ను చెత్తగుట్ట దాకా తీసుకెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు క్యాన్ మూత వదులై కారంతా కంపు. నేను ముక్కు మూసుకుంటే, మనం పారేసిందే కదరా, గంత నామోషీ ఏందని నవ్వారు. ఆమెది కరీంనగర్ వైపు, నాది ఏలూరు దగ్గర. రోజుకు ఎన్ని 'అండీ'లు ఖర్చు పెడతావని నన్ను ఏడిపించేవారు. మధ్యాహ్నం మాట్లాడుతూ మాట్లాడుతూ జొన్నరొట్టె ముక్కను వేళ్లతో దారంలా పేనేవారు, మట్టిలో జిగట చూడడానికి మేం ల్యాబ్‌లో చేసినట్టే. అది పుటుక్కున విరిగేది. దీంట్ల బంక లేదని ఫెయిల్ చేసి నోట్లో వేసుకునేవారు.

డబ్బా బిగించిన కొద్ది రోజులకే నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి భయపడుతూ వెళ్లాను. ఆమెకు కోపం రాలేదు.

"నౌకరీ చేసుకో బిడ్డా. థీసిస్ మాత్రం ఇడ్వకు. మన్ను తొందరపడదు, నువ్వొచ్చేదాంక ఆగుతది."

మన్ను ఆగింది నిజమే, కానీ ఆపింది ఆమె. ఆదివారాలు, పండగలు అని చూడకుండా వచ్చి గొట్టం చూసి, తగ్గితే నింపి, ఫోటో తీసి నాకు పంపేవారు. ఫోటో అంచున ఆమె బొటనవేలు కూడా పడేది. నేను దానికి ఒక బొటనవేలి బొమ్మ కొట్టి ఊరుకునేవాణ్ణి. ఈ శనివారం తప్పకుండా వస్తానండి అని ఎన్ని శనివారాలు రాశానో! కొండాపూర్‌లో నా రూము నుంచి కాలేజీకి ఎంత దూరమని? సిగ్గు లేదు నాకు.

గురువారం నాటి మెసేజ్‌లో ఫోటో లేదు.

"గొట్టంల నీళ్లు తక్కువైనయి. రేపు నాకు దవాఖాన ఉన్నది. జర వస్తవా బిడ్డా?"

ఇన్ని నెలల్లో ఆమె నన్ను రమ్మని అడిగింది అదొక్కసారే.

ఇడ్లీ అలాగే వదిలేసి కాలేజీకి పరుగెత్తాను. ఆసుపత్రిలోనే పోయారట, ఆదివారమే అంత్యక్రియలు కూడా అయిపోయాయట, చివరి చూపు కూడా దక్కలేదు. గొట్టం ఎండిపోయి ఉంటుందనుకుంటూ ల్యాబ్‌లో అడుగుపెట్టాను. ఎండలేదు. సగానికి పైగా నల్ల నీళ్లున్నాయి. ఎవరు పోశారని అటెండరమ్మను అడిగాను.

"శుక్రారం పొద్దుగాల్నే మేడమే వచ్చిన్రు సార్. దవాఖానకు పోతా పోతా ఆటో గేటు కాడ ఆపిచ్చిన్రు. నేను పోస్త, మీరు పోండి అన్న. వద్దన్నరు. పిల్లగాడు పనిల ఉన్నట్టున్నడు, వస్తడు, నువ్వేం అనకు అన్నరు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట పట్టుకుని నన్ను నేను కొంచెం సమర్థించుకునేవాణ్ణి.

అప్పటి నుంచి రోజూ ఆఫీసుకు ముందు ల్యాబ్‌కు వెళ్తున్నాను. గొట్టం మీద ఆమె నీలం మార్కరుతో పెట్టిన గీత ఉంది, శుక్రవారం అంతవరకు పోశారు. ఆ గీత కింద నీళ్లు రోజూ కాస్త దిగుతున్నాయి. థీసిస్ పూర్తి చేస్తాను, అందులో సందేహం లేదు. అయితే ఆమె చేత్తో పోసిన నీళ్ల మీద నా నీళ్లు పోయడానికి చెయ్యి రావడం లేదు. రేపు పొద్దుటికి పోయక తప్పదు, లేకపోతే ఎండుతుంది. క్యాన్ మూత తీసి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. గొట్టంలో ఆమె నీళ్లు ఇంకా వేలెడున్నాయి.