సిస్టరమ్మ గడప

వాకరు కాళ్ల రబ్బరు అరిగితే గచ్చు మీద అదో రకంగా కీచుమంటుంది. నిన్న పొద్దున మా క్లినిక్కు వసారాలో ఆ చప్పుడు వినగానే స్టాప్‌వాచీ పక్కన పెట్టేశాను. మేరమ్మ సిస్టరు వాకరు కూడా అలాగే అరిచేది.

కోలారు బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో చర్చి పక్కన చిన్న క్లినిక్కు నడిపేవారు ఆవిడ. అంతకుముందు గనుల ఆసుపత్రిలో నర్సు. ఫిజియోథెరపీ చదివి కొత్తగా చేరిన నాకు ఆవిడే పై అధికారి. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన ముసలివాళ్లు ఎంతవరకు కోలుకున్నారో కొలవడం నా పని. కుర్చీలోంచి లేచి, పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకునేవాణ్ణి. తక్కువ సెకన్లలో నడిస్తే నేనే పరీక్ష పాసైనట్టు మురిసిపోయేవాణ్ణి. ఒకసారి అలా మురిసిపోతుంటే, సిస్టరమ్మ వచ్చి ఎదురుగా ఉన్న పెద్దాయనను పలకరించారు.

“అన్నా, నిన్న యాడ యాడికి పోయినావు?”

“యాడికీ పోలేదు సిస్టరమ్మా. మంచం మీదనే ఉండాను.”

ఆవిడ నావైపు తిరిగారు. “ఇంగ నీ వాచీ ఏం కొలిచిందప్పా? మన గచ్చు నున్నగా ఉండాది, నడిచినాడు. ముందు ఇది అడుగు, ఆమీట వాచీ నొక్కు.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్లనూ అడిగాను, ఒక్క మనిషిని తప్ప.

కొన్నేళ్లకు సిస్టరమ్మే జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనైన మూడో నెలలో వాకరు వేసుకుని ఆటోలో వచ్చి, ఆ కుర్చీలోనే కూర్చున్నారు. పళ్లబిగువున లేచి, చకచకా నడిచారు. “ఎంతొచ్చిందప్పా?” అన్నారు ఆయాసపడుతూ. “ఫస్టుక్లాసు సిస్టరమ్మా!” అన్నాను. నాకు నేర్పిన మనిషిని నేను అడిగేదేముందిలే అనుకున్నాను. ఎంత పొగరు!

నెల తిరక్కముందే ఆవిడకు చలిజ్వరమని తెలిసి ఇంటికి పరుగెత్తాను. గనివాళ్ల కోసం ఎప్పుడో కట్టిన లైను ఇల్లు. జానెడున్నర ఎత్తు గడప, అది దాటితే గుంతల సందు. కక్కసు ఎక్కడో లైను చివర, అందరికీ కలిపి ఒకటే. మంచం పక్కన చెంబునిండా నీళ్లు అలాగే ఉన్నాయి.

“నీళ్లు తాగితే కక్కసుకు పోవాల గదప్పా. ఆ గడప దాటేకి కాదు. క్లినిక్కుకు వచ్చిన పొద్దు ఆటోవాడు పట్టుకొని దాటించినాడు, తడవ తడవకూ ఒకర్ని పిలవాలంటే నామోషీ.”

“నాతో ఎందుకు చెప్పలేదమ్మా?”

“అడుగుతావని చూసినాను. నీ మొకంలో సంతోషం చూసి గమ్మునైపోయినాను.”

నీళ్లు తాగక మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిందన్నారు డాక్టర్లు. నాలుగోనాడు సిస్టరమ్మ పోయారు. మేస్త్రీని పిలిచి గడప చెక్కించి, మంచం పక్కన ఒక కమోడు కుర్చీ వేయించడం నాకు ఒక్క పూట పని. ఆ ఒక్క పూట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

నిన్న ఆ వాకరుతో వచ్చిన ముసలామెను, ఎక్కడెక్కడికి వెళ్లావని అడిగాను. తర్వాత, సిస్టరమ్మ పోయాక నేను చేర్చుకున్న రెండో ప్రశ్న.

“నీళ్లు ఎన్నిసార్లు తాగినావమ్మా?”

ఆమె తల దించుకుంది. టేపు జేబులో వేసుకుని, వాళ్లింటి గడప కొలవడానికి ఆమె వెంట బయలుదేరాను.