బూరుగునగర్‌కు దారి

"—కేసు పెట్టాల్సింది పోయి, పిలిచి చాయ్ పోస్తరా వానికి? నా తమ్ముని బొక్క ఇరగ్గొట్టినోడు వాడు!"

"జర మెల్లగ మాట్లాడు రాజీ. మెట్ల మీద ఉన్నడేమో."

మెట్ల మీదే ఉన్నాడు ఈరన్న. అశోక్‌నగర్‌లో శ్రీపతి ఇంటికి మేడమీదికి వెళ్ళే మెట్లు సగం ఎక్కి అక్కడే ఆగిపోయాడు. గ్రీజు పోయేలా చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఇప్పుడు ఆ చొక్కా వేసుకున్నందుకే తన మీద తనకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడే ఇంత ముస్తాబై వస్తాడనుకుంటారు.

చిక్కడపల్లిలో ఒక మేడ మెట్ల కింద ఈరన్న సైకిల్ దుకాణం నడపబట్టి ఇరవై రెండేళ్ళు. చక్రం వంకర తీసేటప్పుడు మిగతా మేస్త్రీలు కంటితో చూస్తారు. ఈరన్న ఒక్కొక్క చువ్వనూ గోటితో మీటి చెవి పెట్టి వింటాడు. బాగుచేసిన ఏ సైకిలునైనా తాను ఎక్కి, నారాయణగూడ చౌరస్తా దాకా తొక్కి, రెండు బ్రేకులూ పట్టి చూసి గానీ ఇచ్చేవాడు కాదు. తొందరపడే వాళ్ళతో, "బండి నీదే, మాట నాది. జరసేపు కూసో," అనేవాడు. కూర్చునేవాళ్ళు. ఆ మాట మీదే ఇద్దరు బిడ్డల పెళ్ళిళ్ళు చేశాడు.

ఆ మాటే ఇప్పుడు పోయేలా ఉంది. ఈరన్న కట్టిన బ్రేకు నల్లమల కొండల్లో తెగిందని, శ్రీపతి బావమరిది అనుదీప్ పడి భుజం దగ్గర ఎముక విరిగిందని నాలుగు రోజులుగా అశోక్‌నగర్ అంతా చెప్పుకుంటోంది. రోజూ తన దగ్గర గాలి కొట్టించుకునే కోచింగ్ పిల్లలు నిన్న రోడ్డు దాటి అవతలి దుకాణానికి పోవడం అతను కళ్ళారా చూశాడు.

శ్రీపతి ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు, సైకిల్ యాత్రా సంఘానికి అధ్యక్షుడు. సంఘంలో పదకొండు మంది ఉన్నారు. ఈ గురువారం, శ్రీరామనవమినాడు, మన్ననూరు నుంచి బయలుదేరి, తారు రోడ్డు వదిలి, పాత బండ్లబాట పట్టి నల్లమల దాటాలని వాళ్ళ సంకల్పం. ఆ బాట తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఈరన్న ఒక్కడే. చిన్నప్పుడు తల్లి బీరమ్మ వెంట ఉప్పు మూటలు మోసుకెళ్ళి, లోపలి అడవిలో ఉండే చెంచుల దగ్గర తేనెకు మార్చుకుని వచ్చేవాడు. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో, ఎక్కడ మళ్ళాలో అతను వరసగా చెబుతుంటే శ్రీపతి రాసుకుని, దారి కాగితం అచ్చు వేయించాడు. ఈరన్నకు చదువు రాదు. కాగితం చూపించమని అతను అడగలేదు, వాళ్ళూ చదివి వినిపించలేదు. ఉగాది మర్నాడు అనుదీప్, కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పే సృజన్ కలిసి దారి చూసి రావడానికి ముందుగా వెళ్ళారు. అప్పుడే ఈ పడటం.

ఈరన్న గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. గది నిండా సంఘం వాళ్ళే. దివాన్ మీద అనుదీప్ చెయ్యి మెడకు కట్టుకుని దిండుకు ఆనుకుని ఉన్నాడు. అతని అక్క, శ్రీపతి భార్య రాజకుమారి, అందరికీ కప్పుల్లో చాయ్ తెచ్చి, ఈరన్నకు మాత్రం స్టీలు గ్లాసులో ఇచ్చింది.

"కూసో ఈరన్నా," అన్నాడు శ్రీపతి. ఖాళీ కుర్చీ ఒక్కటీ లేదు.

"పర్వాలె సార్. సైకిల్ ఏది?"

"సైకిల్ ఎందుకు? మనిషి కనపడ్తలేడా నీకు?" అంది రాజకుమారి.

"మనిషిని డాక్టరు చూసిండు గదమ్మా. సైకిల్‌ను నేను చూడాలె గద."

సైకిలు వరండాలో ఉంది. హ్యాండిల్ ఓ పక్కకు ఒరిగింది, ముందు మడ్‌గార్డు నలిగింది. ఈరన్న గ్లాసు నేల మీద పెట్టి, వెనక చక్రం పైకెత్తి గట్టిగా తిప్పాడు. సర్రున తిరుగుతున్న చక్రం బ్రేకు నొక్కగానే టక్కున ఆగింది. ముందు చక్రం కూడా అంతే. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆపాడు. సంఘం వాళ్ళలో ఇద్దరు లేచి వచ్చి తొంగిచూశారు.

"తెగిందన్నరు. ఏది తెగింది సార్? రబ్బర్లు గూడ సగం ఉన్నయి. బ్రేకు పోలె, అనుదీప్ బాబుకు సోయి పోయింది."

"అంటే? తాగి తొక్కిన్నంటవా?" అనుదీప్ దిండు మీంచి లేవబోయి మూలిగాడు.

"తాగినా మంచిగుంటుండె. నీళ్ళు తాగిన్రా?"

అంతసేపూ కిటికీ దగ్గర తల దించుకుని కూర్చున్న సృజన్ నోరు విప్పాడు.

"నీళ్ళు అయిపోయినై అన్న. పదకొండింటికే. పడేటప్పటికి ఈయనకు కండ్లు తిరుగుతున్నయి. నాకు గూడ తిరిగినై."

"మరి బూరుగుపెంటకు ఎందుకు పోలే? నల్లగుండు కాడ ఎవర్ని అడిగినా ఎడమకు చూపెడ్తరంటి గద. అక్కడ నీళ్ళ చెలిమ ఉన్నది. ఎండకాలం గూడ ఎండదు."

"బూరుగుపెంటనా?" సృజన్ జేబులోంచి అచ్చు కాగితం తీసి మడత విప్పాడు. "గా పేరు లేదు ఈ కాగితంల. మన్ననూరు, ఈతనగర్, బూరుగునగర్..."

"ఏం నగర్?"

"బూరుగునగర్. ముగ్గుర్ని అడిగినం అన్న. ఒక ముసలాయన కట్టెలు కొట్టుకుంటుండె. చేతిల కాగితం చూసి, మమ్ముల కిందికెల్లి మీదికి చూసి, చెట్లల్లకు పోయిండు. ఒకామె అయితే, నగరం ఇటు గాదు బిడ్డా, అటు అని హైదరాబాద్ రోడ్డు చూపెట్టింది."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఈరన్నకు నవ్వు రాలేదు. శ్రీపతి వైపు తిరిగాడు.

"నేను గిట్ల చెప్పిన్నా సార్?"

"నువ్వు చెప్పింది అచ్చు ఎట్ల వేయిస్తనయ్యా?" శ్రీపతి కప్పు పక్కన పెట్టాడు. "ముఖ్య అతిథి చదువుతడు, ఆడోళ్ళు చదువుతరు. 'మొదటి రాత్రి బస పెంటలో' అని వేయాల్నా?"

"మా అడవిల పెంట అంటే చెంచోళ్ళ గూడెం సార్."

"మీ అడవిల. ఇది అశోక్‌నగర్."

"బస్సు బోర్డు మీద దోమలపెంట అని రాస్తలేరా? దాన్ని చూసి ఎవరు ముక్కు మూసుకుంటుండ్రు?"

"పెంటల పుట్టినోనికి పెంటనే ముద్దు," అంది రాజకుమారి, కప్పులు పోగుచేస్తూ.

ఈరన్న ఆమె వైపు చూశాడు. "ఔనమ్మా. పెంటలనే పుట్టిన. మాది ఎర్రపెంట."

ఆ మాట అతని నోట పట్నంలో రెండోసారి వచ్చింది. మొదటిసారి అన్నది పదిహేడేళ్ళప్పుడు. వెదురు లారీ మీద కూర్చుని వచ్చి, నారాయణగూడలో ఒక మేస్త్రీ దగ్గర పంక్చర్లు వేసే పనికి కుదిరిన రోజు. ఏ ఊరని అడిగితే చెప్పాడు. దుకాణమంతా నవ్వింది. ఏడాది పాటు అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "ఒరే పెంటా, పానా ఇటియ్యి," అనేవాళ్ళు. ఆ మేస్త్రీ దగ్గర మానేసి సొంత దుకాణం పెట్టుకున్న నాటి నుంచి ఎవరడిగినా అమ్రాబాదు అనే చెప్పాడు. రేషన్ కార్డులో అదే రాయించాడు. వియ్యాలవారికీ అదే చెప్పాడు. శ్రీపతి కాగితం మీద చేసిన పనిని తాను నోటితో ఇరవై రెండేళ్ళుగా చేస్తూనే ఉన్నాడు. అది తెలిసేసరికి అతని కోపం తగ్గకపోగా రెట్టింపయింది.

శ్రీపతి గొంతు తగ్గించాడు. ఆఫీసులో ఫైలు మూసేటప్పుడు కూడా ఆ గొంతుతోనే మాట్లాడతాడు.

"అయిందేదో అయింది ఈరన్నా. కాగితాలు పంచేసినం, ఇప్పుడు మార్చలేం. పేరు మార్చుడు వల్ల మనిషి పడ్డడంటే సంఘం పరువు పోతది. బ్రేకు జర వదులుండె అని నువ్వొక మాట ఒప్పుకో. కేసు లేదు, ఏం లేదు. గురువారం నువ్వే ముందర నడువు. దారి నీకు తెలుసు, ఇగ కాగితంతోని ఏం పని?"

"వదులు లేకుండె సార్."

"ఒక్క మాటయ్యా. నీదేం పోతది?"

"ఒప్పుకోక ఏం చేస్తడు బావా?" అన్నాడు అనుదీప్. "రేపటి నుంచి వీని దుకాణం ముందు సైకిల్ ఆపెటోడెవడు? మన సంఘమోళ్ళు ఆపొద్దంటే చాలు. మళ్ళ మూట కట్టుకొని అడివికి పోవుడే."

సంఘం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో నలుగురి సైకిళ్ళు ఈరన్న చేతుల్లో పడి బాగుపడినవే. వాళ్ళు ఏమంటారోనని ఈరన్న కాసేపు ఎదురుచూశాడు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. మరొకాయన చల్లారిన చాయ్ తాగాడు. సృజన్ కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పి, మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు.

ఈరన్న వరండాలోకి వెళ్ళి, ఒరిగిపోయిన హ్యాండిల్‌ను రెండు చేతులతో పట్టి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి సరిచేశాడు. బ్రేకులు మరొకసారి నొక్కి చూశాడు. లోపలికి వచ్చి, గుమ్మంలో నిలబడి, శ్రీపతితో కాక గదిలో వాళ్ళందరితో అన్నాడు.

"బ్రేకు మంచిగుండె. గురువారం పొద్దుగాల బస్సుకు నేను సైకిల్ తోని పోతున్న. బూరుగుపెంటకు వచ్చేటోళ్ళు నా ఎంబడి రాండ్రి. బూరుగునగర్‌కు పోయేటోళ్ళు సార్ ఎంబడి పోండ్రి."