అమ్మ కనురెప్పలు

భవానీపూర్‌లో ఇప్పుడు మేముండే వీధిలో పొద్దున్నే పాలకి వెళ్తుంటే రాలిన పారిజాతాల వాసన తగిలితే చాలు, చిన్నప్పుడు ఈ బెంగాలీల ఊళ్లోనే, దసరా పూజల రోజుల్లో, రేవు పక్క వాట్‌గంజ్‌లో మేమున్న ఒంటిగదీ, పందిళ్లకు వెదుళ్లు దించే చప్పుడూ, ఆవనూనె పొగా, రేవులో ఓడల కూతలూ కళ్లముందు నిలుస్తాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన నాన్న రేవులో బస్తాలు మోసేవాడు. అమ్మ పొద్దున్నే నాలుగు బిందెల నీళ్లు తెచ్చి, వండి, నాకు జడలల్లి, మధ్యాహ్నం దాకా కబుర్లు చెబుతూనే ఉండేది. పొద్దు వాలేసరికి మాత్రం ఆమె కనురెప్పలు వాలిపోయేవి, మాట ముక్కులోంచి వచ్చేది, అన్నం నమలడానికి ఒక చేత్తో దవడ పట్టుకునేది. మాతోనే ఉండే మేనత్త, నాన్నకి అక్క, ఇదంతా నమ్మేది కాదు.

"ఏటే, పొద్దున్న నీళ్లు మోసినదానివి, మాపిటికి కూడు నమల్లేవా? ఏసాలు కాపోతే ఏటిది?"

అమ్మ జవాబు చెప్పేది కాదు. చెప్పే శక్తి లేకనేనని మాకు తెలీదు.

ఆ ఏడు పూజల ముందు అమ్మకి మంచినీళ్లు కూడా గొంతు దిగక ముక్కులోంచి వచ్చేసరికి నాన్న హడలిపోయి, ఎర్రజెండాల ఊరేగింపు దగ్గర ఆగి ఆగి కదిలే టాక్సీలో మమ్మల్నందరినీ భవానీపూర్‌లోని నరాల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాడు. ఆ ముసలాయన అమ్మను "మా" అని, తల్లీ అన్నట్టు, పిలిచి, పైనున్న ఫ్యాను వంకే చూస్తూ ఉండమన్నాడు. రెప్పలు మెల్లగా దిగిపోయాయి. అప్పుడు చేతికి సూది వేసి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి అమ్మ కళ్లు రెండూ తెరుచుకున్నాయి. సాయంత్రం పూట అంత పెద్ద కళ్లు నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరు బెంగాలీలో చెప్పింది నాన్న వాళ్లక్కకి మా మాటలో చెప్పాడు. "నరం సెప్పిన మాట కండకి అందట్లేదంట. శానా అరుదైన జబ్బంట. ఏసాలు కాదప్పా."

అత్త నేల చూపులు చూసింది.

మాత్రలు రాసిస్తూ ఆయన రెండుసార్లు చెప్పాడు: గడియారం చూసి, తిండికి అరగంట ముందు వేసుకోవాలి, బాగుందని మానకూడదు, బాగాలేదని సొంతంగా పెంచకూడదు, రోగం పోదు, అదుపులో ఉంటుంది. టైము చూడటం రాని అత్త ఆ వారమే నా దగ్గర కూర్చుని గడియారం నేర్చుకుంది.

పూజల చివరి సాయంత్రం అత్త ఇలిష్ చేప, అదే మన పులస, వేయించి, ముళ్లు ఒక్కొక్కటే ఏరి అమ్మ పళ్లెంలో పెట్టింది. అమ్మ దవడకి చెయ్యి ఆనించకుండా నమిలింది. చూస్తూ చూస్తూ అత్త ఏడ్చేసింది.

"నిన్ను దొంగేసాలన్నానే. నన్నో మాట తిట్టవే."

"తిట్టుకుంటా కూకుంటే తినేదెప్పుడు? ఇంకో ముక్క ఎయ్యి, వదినా."

ఆ తర్వాత అమ్మ మాత్రలతోనే చాలా ఏళ్లు బతికింది. అత్తే ముందు పోయింది. మా గదుల వరుస పడగొట్టి మేడలు కట్టారు. నా పిల్లలకి మా తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు. ఆ వదినా మరదళ్లు మాట్లాడుకున్న మాట మా ఇంట్లో ఇప్పుడు నా ఒక్కదాని చెవుల్లోనే ఉంది.