కొండకు పోయే సీతాకోకలు

మొన్న బెంగళూరులో మనవరాలు తన ఫోన్ నా మొహం ముందు పెట్టి "అవ్వా, ఇది చూసినావా?" అంది. నల్లటి రెక్కల మీద లేత నీలం చారలూ చుక్కలూ ఉన్న సీతాకోకచిలుక. కాలేజీలో అదేదో పురుగుల చదువు చదువుతోంది ఆ పిల్ల, అన్నం తినడానికి మాత్రం తీరిక దొరకదు. "దీన్ని నీలిపులి అంటారు. ముదురు నీలిపులి అని ఇంగొకటి ఉండాది. ఇట్లాంటివే ఆఫ్రికాలో ఒక రకం, ఆస్ట్రేలియాలో ఒక రకం. వీటన్నిటికీ కలిపి ఇంటిపేరు మాదిరి ఒక పేరుంటుంది. ఏం పేరో చెప్పు?" నాకేం తెలుస్తుంది! "తిరుమల" అంది. ఎవరో తెల్లదొర ఎప్పుడో పెట్టాడట. మా మామ బతికుంటే మీసం మెలేసి ఊరంతా తిరిగొచ్చేవాడు. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. ఆ నీలం చారలు చూస్తూంటే నాకు ఆనాడు మా చేలో తవ్విన బావి కళ్లకు కట్టింది.

అరవైల మొదట్లో మాట. గోరంట్ల దగ్గరి పల్లెకు నేను కాపురానికి వచ్చిన ఏడాదే వానలు మొహం చాటేశాయి. చెనిక్కాయ చేను పూత దగ్గరే ఎండింది. ఊరి చేదబావిలో బురద తప్ప ఏమీ మిగల్లేదు. కడవెడు నీళ్లకు పక్కూరికి నడిచేవాళ్లం. కొత్త కోడలిని కదా, పెద్దల ముందు తలెత్తకూడదు, మొగుడితో మాట్లాడకూడదు. అందుకని మా ఆయన మొహం కంటే ఆయన మడమలే నాకు బాగా గుర్తు. ఇక పేరు పలకడమా, రామ రామ! మొగుడి పేరు పెళ్లాం నోట వస్తే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అత్త నమ్మకం. ఆయనది దేవుడి పేరే. ఆ దేవుడి గుడికి పోయినా "మా ఇంటాయన పేరు గల సామీ" అని మొక్కుకోమని నేర్పింది. మామదీ దేవుడి పేరే కాబట్టి, మహాతల్లి, తనూ అట్లాగే మొక్కేది.

కార్తీకంలో మా చేను గట్టున ఈ నీలి సీతాకోకలు దిగాయి. గిలిగిచ్చ మొక్కలని ఉంటాయి, ఎండితే కాయల్లో గింజలు గలగలమంటాయి. ఆ ఎండు మొక్కల మీద పుల్ల కనపడకుండా వాలాయి. ఏటా ఇవి గుంపులుగా ఆగ్నేయానికి ఎగిరిపోతుంటే మామ తలపాగా తీసి దండం పెట్టేవాడు. అవి తిరుమల కొండకు పోతున్నాయని ఆయన గట్టి నమ్మకం. తనూ ఏటా కొండకు నడిచిపోయే మనిషే. దారిలో యాత్రికులు ఏ చెలమ దగ్గర దిగుతారో, ఏ దిగుడుబావి దగ్గర వండుకుంటారో అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. "కొండకు పోయే జనం నీళ్లు లేని తావున దిగుతారా? ఇన్నిన్ని ఈడే దిగినాయంటే కింద గంగమ్మ ఉండాది" అన్నాడు. "పురుగులు చెప్పినాయని బావి తవ్వుతావా? నీకేమన్నా తిక్క పట్టినాదా?" అని అత్త లేచింది. ఆయన వినే రకమైతే కదా! మర్నాడే టెంకాయ కొట్టి గడ్డపార దింపించాడు.

మట్టి పైపైనే. దాని కింద గరుసు, ఆ కింద బండ. బావుల మేస్త్రిని పిలిపించారు. ఆయన బండలో బెజ్జాలు కొట్టి, మందు కూరి, వత్తులు అంటించి మోకు పట్టుకుని పైకి వచ్చేసేవాడు. పేలి, పొగ కాస్త పల్చబడ్డాక మొట్టమొదట దిగి చూసే పని మా ఆయనది. "కొడుకును ఇంట్లో పెట్టుకుని కూలోణ్ణి దించుతానా?" అనేవాడు మామ. ఆ ధర్మబుద్ధికి నా ప్రాణం మీదికి వచ్చేది. పేలకుండా మిగిలిన మందు మీద కాలు పెట్టి పక్కూరి మనిషి ఒకడు ముక్కలైపోయిన సంగతి నీళ్ల దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. విని ఎవరికి చెప్పుకోను? సద్ది తెచ్చే నెపంతో బావి దగ్గరే నిలబడేదాన్ని. ఆయన తల మళ్లీ అంచున కనపడేదాకా అక్కణ్ణించి కదిలేదాన్ని కాదు. బావి లోతవుతోంది గానీ చెమ్మ జాడ లేదు. మామ గడ్డం పెరిగిపోయింది. సీతాకోకలు మాత్రం గట్టు వదల్లేదు. మందు పేలి నేల అదిరినప్పుడల్లా ఒక్కసారిగా లేచి, కాసేపు గాల్లో తిరిగి, మళ్లీ అవే పుల్లల మీద వాలేవి. బావి వైపు చూసే ధైర్యం లేక నేను వాటినే చూస్తూ ఉండేదాన్ని.

ఆ రోజు మేస్త్రి మూడు బెజ్జాలకు మందు పెట్టాడు. అందరం రాళ్లకుప్ప వెనక్కి పోయాం. ఒకటి పేలింది, సీతాకోకలు లేచాయి. అవి వాలీ వాలకముందే రెండోది పేలింది, మళ్లీ లేచాయి. అవి లేచినట్టే లేచి వాలిపోగానే చేను అవతలి గుట్ట వైపు నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. "మూడూ పేలినాయప్పా" అన్నాడు మేస్త్రి. "దిగరా, చెమ్మ తగిలినాదేమో చూడు" అని మామ తొందరపెట్టాడు. పొగ తేలేదాకా కూడా ఆగలేకపోయాడు పాపం. నేను గట్టు వైపే చూస్తున్నాను. ఆ మూడో చప్పుడుకు ఒక్క రెక్క కదల్లేదు. అంటే నేల అదరలేదు. అది గుట్టకు తగిలి వెనక్కి వచ్చిన చప్పుడే!

ఈ సంగతి నా బుర్రకెక్కేసరికి ఆయన మోకు పట్టుకుని దిగుతున్నాడు. "అత్తా, రెండే పేలినాయి" అన్నాను. "ఊరుకోవే, మొగోళ్లకు తెలీదా?" అంది. పరిగెత్తాను. అంచు మీద నిలబడి "ఏమయ్యో! ఓయ్!" అని అరిచాను. చుట్టూ మగవాళ్లందరూ "నిదానమప్పా, ఎడం పక్క కాలు పెట్టప్పా" అని కేకలేస్తున్నారు. నా గొంతు వాటిలో కలిసిపోయింది. పొగలో ఆయన నడినెత్తి మాత్రం కనపడుతోంది, అదీ కిందికి పోతోంది. అప్పుడు పిలిచాను. పేరు పెట్టి, గొంతు చించుకుని. అందరి నోళ్లూ ఠక్కున మూతపడ్డాయి. మోకు ఆగింది. ఆయన తలెత్తి, నోరు తెరుచుకుని నన్నే చూశాడు. "రెండే పేలినాయి. ఇంగొగటి అట్లే ఉండాది. పైకి రా!" అన్నాను. మేస్త్రి మొహం పాలిపోయింది. "లాగండప్పా, లాగండి!" అని తానే మోకు అందుకున్నాడు. అంచు దాటించి ఆయన్ని రాళ్లకుప్ప దాకా ఈడ్చుకొచ్చారో లేదో, బావి దద్దరిల్లింది. రాళ్లు మా చుట్టూ పడ్డాయి. నేను ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుని బోర్లా పడున్నాను. ఎవరు చూస్తే నాకేం!

నీళ్లు మాత్రం పడలేదు. మామ ఆ సాయంత్రమే గడ్డపారలు ఇంటికి చేర్పించాడు. ఎండిన గిలిగిచ్చలో ఏదో చేదు సారం ఉంటుందనీ, మగ సీతాకోకలు దానికోసమే మూగుతాయనీ మనవరాలు ఇప్పుడు చెబుతోంది. నీళ్ల ఊసే లేదన్నమాట! అత్త ఆ రాత్రి నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "పిలిస్తే పిలిచినావులే. ఇంగ పిలవాకు" అంది. మా ఆయన ఆ సంగతి ఒకే ఒక్కసారి ఎత్తాడు. "నా పేరు నీ నోట్లో బాగుండాది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మళ్లీ పిలవలేదు. ఆయన ఆయుష్షుతో పందెం కాసేంత ధైర్యం నాకు లేదు. ముసలివాళ్లమైనా "ఇదిగో", "వింటాండావా" అంటూనే గడిపాను.

కొన్నేళ్ల కిందట అనంతపురం ఆసుపత్రిలో, డాక్టరమ్మ తల దించుకుని పక్కకు తప్పుకున్నాక, రెండోసారి పిలిచాను. గట్టిగానే పిలిచాను. ఈసారి ఆయన ఆగలేదు. ఆ మొదటి పిలుపుకూ ఈ రెండో పిలుపుకూ నడుమ గడిచిన కాలమే నా కాపురమంతా.