తుకారాం జీపు మీది బురద

గద్వాల పోస్టాఫీసులో పార్సిళ్ల కిటికీ దగ్గర నేను పద్నాలుగేళ్లు కూర్చున్నాను. ఆ కిటికీలోంచి పట్టు వచ్చింది, జరీ వచ్చింది, ఒకసారి చిల్లుల డబ్బాలో కోడిపిల్ల కూడా వచ్చింది. 1991లో మా పక్కింటి తుకారాంకు బొంబాయి సేటు పంపిన అట్టపెట్టె కూడా నా చేతుల మీదుగానే పోయింది. ఆ రోజే దాని మీద 'మనిషి లేడు' అని రాసి వెనక్కి పంపి ఉంటే మా వీధి ఏడాదిన్నర ప్రశాంతంగా ఉండేది.

తుకారాం గుంటమగ్గం మీద చీరలు నేస్తాడు. ఆయన నేసిన అంచులు ఆ సేటుకు ప్రాణం. తన కొడుకు కొనుక్కొని, విసుగొచ్చి మూలన పడేసిన పెట్టెను "నీ చేతికి సరిపోతుంది" అని ఉత్తరం రాసి పంపాడు. లోపల చట్రాలకు అంటుకొని నూట పన్నెండు ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయి. కత్తిరించి, అతికించి, రంగులేస్తే జీపవుతుంది. అసలు జీపులో ఇరవై నాలుగో వంతు, జానెడు కూడా ఉండదు. పెట్టె మూత మీద మాత్రం పెద్ద బొమ్మ ఉంది: తలుపుల దాకా బురద పట్టిన జీపొకటి రాళ్లగుట్ట ఎక్కుతోంది. తుకారాం ఆ బొమ్మను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. పెళ్లిచూపుల్లో సుగుణమ్మను కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

వెంట వచ్చిన కాగితం జపాను భాషలో ఉంది. దాంతో ఆయనకేమీ ఇబ్బంది కలగలేదు. గళ్ల కాగితం చూసి నెమళ్లు నేసే మనిషికి గీతలూ అంకెలూ చాలు. జిగురు ట్యూబే బొంబాయి నుంచి వచ్చేలోపు ఎండిపోయింది. రేడియో రిపేరు మల్లేశ్ దగ్గర థిన్నరు తెచ్చి అతికించబోతే స్టీరింగు కరిగి పాకమైంది. వారం రోజులు తిప్పలు పడి, చివరికి జరీ తీగను మెలిపెట్టి కొత్త స్టీరింగు చేశాడు. జరీ స్టీరింగు ఉన్న జీపు పాలమూరు జిల్లాలో అదొక్కటే అని నా నమ్మకం.

"చేసేదేదో కారు చేయరాదా, సోకుగా ఉంటుంది" అన్నాను ఒక అమావాస్య నాడు. నేతకు సెలవైన ఆ రోజున ఆయన శనగగింజంత హెడ్‌లైటును చీరపిన్నుతో పట్టుకొని కూర్చున్నాడు.

"రోడ్డుంటే ఎవడైన పోతడు సార్. రోడ్డు లేనికాడ పోయేదే బండి" అన్నాడు.

ఇంత మాట అన్నది రోజుకు పది గంటలు నడుం లోతు గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చునే మనిషి. ఆయన చేసిన దూరప్రయాణం కర్నూలు, అదీ పన్ను పీకించుకోవడానికి. నాకు నవ్వొచ్చింది. కానీ ఇంటికెళ్లాక, నలభై ఎనిమిదేళ్లు వచ్చినా నాకంటూ ఇలా పిచ్చి పట్టిన పని ఒక్కటీ లేదే అని కొంచెం కుళ్లుకున్నాను కూడా.

సుగుణమ్మకు మాత్రం అది బొమ్మ. ఎవరొచ్చినా "మా ఇంటాయన బొమ్మ చేస్తుండు" అని చెప్పేది. తుకారాంకు ఒళ్లు మండేది. "బొమ్మ అనకు. చక్రాలు తిరుగుతయి, ముందరి ఇరుసు గూడ ఉన్నది" అని వాదించేవాడు. ఒకసారి బొమ్మ అన్నదని అన్నం మానేశాడు. "తినకుంటే మానె, నీ వంతు బొమ్మకు పెడత" అన్నది ఆమె. రాత్రి ఎనిమిదింటికి మా ఇంటికొచ్చి రెండు రొట్టెలు తిని పోయాడు. ఆయన ఎవరి మెప్పూ కోరలేదు. ఇంట్లో మనిషి నోట ఒక్కసారి 'బండి' అన్న మాట వినాలి, అంతే. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి కోరిక అది. నాకైతే జాలేసేది.

ఆ సంక్రాంతి ముందు కురుమయ్య వచ్చాడు. నల్లమల అడవి అంచున మన్ననూరులో అడవిశాఖ జీపు నడుపుతాడు, అత్తగారిది మా పక్కనే ఉన్న మల్దకల్. భార్య లోపల చీరలు తిరగేస్తుంటే ఈయన మగ్గం దగ్గర కూర్చొని, దూలం మీదున్న జీపును తీసి అటూ ఇటూ తిప్పాడు. తుకారాం నేత ఆపాడు. జీపు గురించి తెలిసిన మనిషి దాన్ని చూడటం అదే మొదలు.

"అన్ని మంచిగనే ఉన్నయి అన్నా. గని గిది ఎన్నడు అడివికి పోలే" అన్నాడు కురుమయ్య.

"ఎట్ల తెల్సింది?"

"బురద లేదు గద."

ఆ మాటతో తుకారాం రాత్రుళ్లు నిద్రపోలేదు. బురద రంగు కోసం సున్నం కలిపాడు, ఇటుకపొడి రుద్దాడు. పోయేముందే, దసరాకు మళ్లీ వస్తానని, అప్పుడు చూసి చెబుతానని కురుమయ్య మాటిచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు. ఫిబ్రవరిలో నా కిటికీకి మన్ననూరు నుంచి ఒక గుడ్డమూట వచ్చింది. లోపలేముందో రాయాల్సిన చోట 'మన్ను' అని రాసి ఉంది. నిజంగానే మన్ను. సంచి చిరిగి నా టేబులంతా ఎర్రబడింది. ఈ దేశంలో మన్నును కూడా పోస్టులో తెప్పించుకునే మనిషి పక్కింటివాడని ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

తుకారాం ఆ మన్నును పట్టుగుడ్డలో జల్లెడ పట్టాడు. దానికి గద్వాల నల్లరేగడి కలిపాడు. అది జీపుకు అంటుకొని నిలవాలిగా? పడుగు దారానికి పెట్టే గంజిలో కలిపి పూశాడు. నేతగాడికి గంజి పట్టని వస్తువు ఈ లోకంలో ఉండదు. "పడుగుకు కాసిన గంజి బురదల పోస్తుండు" అని సుగుణమ్మ వీధి వినేలా తిట్టింది. ఆయన వినలేదు. పెద్ద బురద మడ్గార్డు వెనక, చిన్న చుక్కలు తలుపు మీద, అద్దం మీద వైపరు తుడిచిన చోట మాత్రం శుభ్రం. ఒక్కో చుక్కా కుంచె వెంట్రుకతో. ఎక్కడెంత బురద పడుతుందో కురుమయ్య మన్నుతో పాటు ఉత్తరం రాసి పంపాడు, ఆ ప్రకారం పూయడానికి ఆరునెలలు పట్టింది. పూర్తయ్యాక చూసి నేను నోరు తెరిచాను. వాన వాసన వస్తుందేమోనని ముక్కు దగ్గర పెట్టుకున్నానంటే నమ్మండి.

దసరా వచ్చింది. పొద్దున్నే ఇద్దరం బంతిపూలకు బజారుకు పోయాం. ఆయన దారి పొడుగునా కురుమయ్య ఏమంటాడో అన్న ఆలోచనలోనే ఉన్నాడు. పూలు బేరం చేయడం కూడా మరిచాడు.

తిరిగొచ్చేసరికి ఇల్లు అలికి, ముగ్గేసి ఉంది. కడిగిన మగ్గానికి పసుపు. పక్కన పేక దారం ఆడించే నాడెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ పక్కన నీళ్లు కారుతున్న సైకిలు. సైకిలు పక్కన, చిన్న పీట మీద, జీపు.

తళతళలాడుతోంది. బానెట్టు మీద మూడు కుంకుమ బొట్లు, రేడియేటరుకు బంతిరేకుల దండ. మా పెరట్లోని నిమ్మచెట్టు పిందెలు నాలుగు చక్రాల కింద ఉన్నాయి. ఆరునెలల బురదలో చుక్క కూడా మిగల్లేదు. గంజి కదా, నీళ్లు తగిలితే పోతుంది.

తుకారాం చేతిలో పూలసంచి జారింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"సుగుణా, బురద ఏది?"

"కడిగిన."

"ఎందుకు కడిగినవ్?"

ఆమె పసుపు చేతులతోనే వాకిట్లోకి వచ్చింది. ఆమెకూ కోపంగానే ఉంది. "ఎందుకేంది? కడగకుండ బండికి పూజ ఎట్ల జేస్తరు? కుంకుడుకాయ రసం బోసి మూడుసార్లు తోమిన, చక్రాల సందుల మన్ను పోతనే లేదు. బండి పెట్టుకున్నోడు ఎన్నడన్న కడుగుతడు. నీకు గా సోయే లేదు."

'బండి' అన్నది. అనడమే కాదు, బండి పెట్టుకున్నవాడికి ఉండాల్సిన బుద్ధి లేదని తిట్టింది కూడా. తుకారాం పీట ముందు గొంతుక్కూర్చొని, తలుపు మీద ఏదైనా చుక్క మిగిలిందేమోనని వేలితో తడిమాడు. లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఏ బాపతు నీళ్లో ఆయనకే తెలిసినట్టు లేదు. "టెంకాయ తెచ్చిన్రా?" అని ఆమె నన్నడిగింది. తెచ్చామన్నాను.

సాయంత్రం కురుమయ్య జమ్మి ఆకు పట్టుకొని వచ్చాడు. తుకారాంను అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకొని పీట వైపు చూశాడు. మొహం వాడిపోయింది.

"ఏది అన్నా, బురద? ఆరునెల్ల సంది జేస్తున్న అంటివి. నేను మన్ను పంపితి."

సుగుణమ్మ గడపలో నిలబడి ఉంది. ఎవరో ఒకరు ఏదో తప్పు చేశారని ఆమెకు అప్పుడే తోచినట్టుంది. కొంగు అంచును మడతపెడుతోంది. 'మా ఆమె కడిగింది' అని తుకారాం ఒక్క మాట అంటే చాలు, ఆరునెలల పని కథ మొత్తం చెప్పుకోవచ్చు. అంటాడని నేను అనుకున్నాను. నేనైతే అనేవాణ్ని.

"పండుగ గద తమ్మీ" అన్నాడు తుకారాం. "మా ఇంట్ల బండ్లన్ని కడిగినం."

"అవుమల్ల. నిన్న నేను గూడ మా జీపు కడిగే వచ్చిన" అని ఒప్పుకొని, కురుమయ్య దగ్గరగా చూద్దామని వంగి జీపు మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు తమ్మీ" అన్నది సుగుణమ్మ గడప దిగుతూ. "బస్సు దిగి గట్లనే వస్తివి. పూజ జేసిన బండి, చేతులు కడుక్కొని ముట్టు."

పదిహేనేళ్లుగా అసలు జీపు నడుపుతున్న కురుమయ్య, బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కొని వచ్చాడు.