నా కుడికాలు తాగిన డీజిల్

మా కారు డీజిల్ ట్యాంకు మూతకు మా బావ లక్క ముద్ర వేస్తుంటే, అగ్గిపుల్ల గీసి ఇచ్చింది నేనే. ఆ డీజిల్ ఎక్కడికి పోతోందో నాకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

రెండు వేల ఎనిమిది ప్రాంతం. మాది రాజంపేటలో బట్టల కొట్టు, మా అక్క మొగుడిది కడపలో ఇనుపసామాను కొట్టు. ఇద్దరం కలిసి ఒక పెద్ద డీజిల్ కారు కొన్నాం. డ్రైవర్ ఆదోని వైపు మనిషి, అంతకుముందు లారీలు తోలినవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను చిన్నశెట్టీ అనేవాడు.

సరుకు కోసం బెంగళూరు వెళ్లినప్పుడు ఒక గ్యారేజీలో కుర్రాడు ల్యాప్‌టాప్ చూపించి నా బుద్ధి కాజేశాడు. ఎప్పుడు ఎంత డీజిల్ చిమ్మాలో ఇంజన్‌లోని చిన్న కంప్యూటర్‌కు ఒక లెక్క ఉంటుందట. కంపెనీ దాన్ని జాగ్రత్త కోసం కాస్త బిగించి పెడుతుందట. ఆ లెక్క మార్చడమే రీమ్యాపింగ్. పవరూ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది అన్నాడు. పని అయ్యాక తాళాలిస్తూ, "డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ ఇక నమ్మకండి సార్, అది ఇంకా పాత లెక్కతోనే చెప్తుంది, ఎక్కువ చూపిస్తుంది" అని కూడా అన్నాడు. ఈ చివరి మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఎక్కువ చూపిస్తే మంచిదేగా అనుకున్నాను.

డ్రైవరన్న మాత్రం నవ్వాడు. "ఎన్ని దుడ్లు పోస్తివి శెట్టీ? రెండూ వస్తాయంటాండావు, మరి ఇన్నాళ్లు కంపెనీవాళ్లు యాడ దాచిపెట్టినారంట?"

పరీక్ష పెట్టాం. డ్రైవరన్న బంకులో ట్యాంకు గొంతు దాకా నింపించి, గాలి బుడగలు పోయేలా కారును రెండు చేతులతో ఊపి, మళ్లీ నింపించాడు. మామిడిపండ్లకు బనగానపల్లె దాకా పోయి వచ్చాం. దారంతా ఏసీ లేదు. అరవై దాటనివ్వలేదు. వేసవి గాలికి నా మొహం అప్పడంలా కాలింది. తిరిగొచ్చి అదే బంకులో అలాగే ఊపి నింపిస్తే, లీటరుకు దాదాపు కిలోమీటరు పెరిగింది.

"సూడప్పా, బండి ఇప్పుడు కింది నుంచే లాగుతాండాది, గేరు మార్చే పని తగ్గింది. కాలు ఇట్ల మెత్తగా పెడితే మైలేజీ వస్తాది. గట్టిగా తొక్కితే పవరు వస్తాది. రెండూ వస్తాయి గానీ, ఒకే తూరి రావు" అన్నాడు.

కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాళ్లకు నేను చెప్పింది మాత్రం "రెండూ వచ్చాయి" అని.

తర్వాత ఆదివారాలు, సాయంత్రాలు కారు నేనే తోలసాగాను. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి వేసుకొని మూలుగుతూ ఎక్కే లారీలను ఎత్తులో దాటడం అంత సుఖంగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. అవసరం లేకపోయినా దాటేవాణ్ణి. పక్కన మా ఆవిడ, "ఆ లారీకీ మనకూ ఏమన్నా పాత తగాదానా?" అని అడిగేది.

నెల తిరిగేసరికి కారు మునుపటికంటే ఎక్కువ తాగింది. డాష్‌బోర్డు మాత్రం బ్రహ్మాండమైన మైలేజీ చూపిస్తూనే ఉంది. మా బావ వ్యాపారస్తుడు. డాష్‌బోర్డు చెప్పిన దానికీ ట్యాంకులో పట్టిన దానికీ తేడా చూశాడు.

"ఏం బామ్మర్దీ, డీజిలు కారు తాగుతాండాదా, ఎవరన్నా పైపేసి తీస్తాండారా?"

ఇద్దరికీ తట్టిన మనిషి ఒక్కడే. డ్రైవరన్న.

బావ వాళ్లింట్లో ఊరికి పోయేటప్పుడు కొట్టు తాళానికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి పోసి, ఇంటి ముద్ర ఒత్తడం తాతల నాటి అలవాటు. అదే మర్యాద డీజిల్ మూతకూ జరిగింది.

మర్నాడు పొద్దున డ్రైవరన్న కారు తుడుస్తూ అక్కడికొచ్చి ఆగాడు. బొటనవేలితో లక్కను తడిమాడు. మా బావ వైపు కాదు, నా వైపు చూశాడు.

"ముద్ర శానా బాగా పడింది శెట్టీ" అన్నాడు. తాళాలు సీటు మీద పెట్టి వెళ్లిపోయాడు.

"సూస్తివా? తప్పు లేనోడు పోతాడా?" అన్నాడు బావ.

ఆ వారమంతా కారు నేనే తోలాను. లక్క చెక్కు చెదరలేదు. అయినా డీజిల్ తేడా అంతే వచ్చింది. "ముద్ర కింద నుంచి కూడా తీస్తాండారే!" అని ఆశ్చర్యపోయి, మా బావ బంకువాణ్ణి అనుమానించడం మొదలుపెట్టాడు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. విప్పితే, రెండూ వచ్చాయని బల్ల మీద చెప్పిందంతా వెనక్కి తీసుకోవాలి.

చాలా ఏళ్లకు ఒక పెళ్లి బట్టల పని మీద కర్నూలు వెళ్లినప్పుడు, ఒక బడి ముందు పసుపు వ్యాను పక్కన ఆయన కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది.

"ఏమప్పా చిన్నశెట్టీ, బాగుండావా? ఎన్ని లారీలు దాటుకొని వస్తివి ఈడికి?"

ఆయనకు మొదటి నుంచీ తెలుసన్నమాట. ఇంటికి తీసుకెళ్లాడు. టీ ఇస్తూ ఆయన భార్య, నేనెవరో తెలిశాక, మెల్లగానే అంది: "మీ ఊర్లో ఆయప్పకు ఇంగ ఎవురూ బండి ఇయ్యలేదు సామీ. డీజిలు దొంగ వచ్చినాడు అనేటోళ్లు. రెండు నెలలు తిరిగి ఈడికొచ్చేస్తిమి."

ఆయన నవ్వలేదు. నేను టీ గ్లాసు కింద పెట్టి, తల వంచుకొని, క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? నాకు తెలుసు గదా" అన్నాడు. "తెలియనోళ్లకు చెప్పు."

అక్కడే ఫోన్ తీసి బావకు కలిపి, గొంతు అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాను. అవతల కొట్టులో గిరాకీ చప్పుడు. బెంగళూరు కుర్రాడు చెప్పింది, నేను దాచింది, నా కాలు, లారీలు, అన్నీ చెప్పాను.

"అయిపోయిందానికి ఇప్పుడెందుకప్పా ఇదంతా? కొట్లో జనం ఉండారు" అన్నాడు బావ.

"ఉంటే మంచిదే, నీ ఫోనూ స్పీకర్ పెట్టి వాళ్లనూ విననీ బావా" అన్నాను. "అన్న ఒక్క చుక్క తీయలేదు. తాగింది నేను, నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నదీ నేనే. అన్నా, నీ ఇంట్లో నిలబడి అడుగుతున్నాను, నన్ను క్షమించు. వదినా, మీరు కూడా."