పులికాట్‌లో జెల్ల ముల్లు, వాపు రాని కాలు

నాలుగేళ్లు కీళ్లవాతంతో మంచానికీ కుర్చీకీ మధ్యే తిరిగాను. కొత్త మాత్రలు మొదలుపెట్టిన ఆరో నెలలో మెట్లు దిగగలిగాను. ఆ సంబరం పట్టలేక పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలను చూద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను. నెల్లూరులో తెల్లవారుజామున బస్సెక్కి దొరవారిసత్రం దగ్గర దిగి, ఆటోకి మూడొందలిచ్చి, ఏడున్నరకల్లా సరస్సు ఒడ్డు పల్లెకు చేరాను.

అక్కడి జాలరి పోలయ్యన్న నన్ను ఎక్కించుకుని పడవను మంచులోకి తోశాడు. నాలుగు బారల అవతల ఏమీ కనిపించలేదు. ఎదురుగా వందల పక్షులున్నాయన్నాడు గానీ ఒక్క అరుపూ వినిపించలేదు. దారిలో తన వల పైకి లాగి అందులోని జెల్ల చేపను తీస్తుంటే దాని విషపు ముల్లు ఆయన చేతిలో దిగింది. విదిలిస్తే అదే ముల్లు వచ్చి నా మడమలో గుచ్చుకుంది.

ఒడ్డుకొచ్చాక ఆయన భార్య సుబ్బమ్మక్క ఆయన చెయ్యీ నా కాలూ వేడినీళ్లలో పెట్టించి, గాయాల చుట్టూ బొగ్గుతో గీత గీసింది. అక్కడ అదే పద్ధతి. వాపు గీత దాటితే కొత్త గీత, మోచేయో మోకాలో దాటితే ఆసుపత్రి. సాయంత్రానికి పోలయ్యన్న మణికట్టు దాటి మూడు గీతలు పడ్డాయి, జ్వరంతో వణికాడు. నా మడమ చుట్టూ మాత్రం మొదటి గీత ఒక్కటే ఉంది. "చూశావా అన్నా, నాదే గట్టి ఒళ్లు," అని ఆటపట్టించి, చేపల పులుసు రెండోసారి వడ్డించుకుని అక్కడే పడుకున్నాను.

పొద్దున్నే ఆయన వాపు దిగుతోంది. సుబ్బమ్మక్క నా మడమ ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వాపు రాలా, వేడి లేదు. ముల్లు దిగితే ఒళ్లు ఎదురు తిరగాల గదక్కా! నీ ఒళ్లేంది, ఎవురూ లేని ఇల్లు మాదిరిగా ఉండాది?"

గీత లోపల చర్మం బూడిదరంగుకు తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ మాత్రలు రాసిన డాక్టరు మాట. ఒంట్లోకి శత్రువు వస్తే తెల్లకణాలు సైటోకైన్లనే రసాయనాలు తయారుచేసి మిగతా కణాలను పిలుస్తాయి. జ్వరం, వాపు ఆ పిలుపు వల్లే. నా మాత్రలు ఆ తయారీనే తగ్గిస్తాయి. అందుకే కీళ్లు నెమ్మదించాయి. అందుకే కాలూ నోరు మెదపలేదు. వెంటనే ఆటో పిలిపించుకుని బయల్దేరాను.

నెల్లూరు ఆసుపత్రిలో మడమ కోస్తే లోపలంతా చీము పట్టి ఉంది. థర్మామీటరు మాత్రం అంతసేపూ మామూలుగానే చూపించింది. ఇంకొక్క రోజు ఆగుంటే కాలు తీసేయాల్సి వచ్చేదన్నారు.

నన్ను నడిపించిన మాత్రల మీద కోపం లేదు. కానీ ఇప్పుడు ఒంట్లో ఏ నొప్పీ లేని పొద్దు నాకు భయమేస్తుంది, కాలు తడిమి చూసుకుంటాను. ఇలాంటి మందులు వాడుతూ నీళ్లలోకి వెళ్లేవారికి ఒకటే మాట: జ్వరం వచ్చేదాకా ఆగకండి, చిన్న గాయమైనా ఆ రోజే డాక్టరుకు చూపించండి. పడవెక్కే ముందే మీ మందు సంగతి పడవవాళ్లకు చెప్పండి. నేను చెప్పలేదు. అయినా నా ఒంటికి తెలియనిది సుబ్బమ్మక్క చేతికి తెలిసింది.